నాలుగేడు బయటిది కాదు

తప్పు ముందు నాదే. మొదలే చెప్తున్న, రేపు దాచిపెట్టిందని ఎవరూ అనొద్దు. ఆ బటన్ నొక్కింది నా వేలే. నొక్కమన్నది మా ఆఫీసు నడిపే ప్రేమ్‌రాజ్ భాయ్. ఆయన చెప్తే చెప్పిండు, నొక్కేదానికి నా బుద్ధి ఏమైందని ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటున్న.

బేగంబజార్‌ల ఒక స్టీలు గిన్నెల దుకాణం మీద, రెండో అంతస్తుల మా ఆఫీసు. ఆఫీసంటే ఎనిమిది కంప్యూటర్లు, ఎనిమిదిమంది ఆడోళ్లం, ఒక కూలర్. కింద గిన్నెలు ఒకదాంట్ల ఒకటి వేసే చప్పుడు పొద్దంత వినొస్తనే ఉంటది. మాది ఫొటోలు గుర్తుపట్టే పని. ఆఫ్రికాల ఎక్కడనో పెద్ద అడవి ఉన్నది, చుట్టూ కంచె వేసిన అడవి. అండ్ల సింహాలు ఉన్నయి. చెట్లకు కట్టిన కెమెరాలు తీసినయి, జీపులల్ల తిరిగేటోళ్లు తీసినయి, ఫొటోలు వీడియోలు అన్నీ మాకొస్తయి. ఏ ఫొటోల ఏ సింహం ఉన్నది, దాని పక్కన ఎవరున్నరు, పిల్లలెన్ని, ఇవన్నీ చూసి బటన్లు నొక్కాలె. మేము నొక్కింది చూసుకొని అక్కడ అడవి పెద్దమనుషులు ఏదో నిర్ణయిస్తరు. ఏం నిర్ణయిస్తరో అప్పట్ల మాకు తెల్వదు.

పదో తరగతి పరీక్షలు ఇరవై రోజులున్నయనంగ నన్ను బర్లున్న ఇంటికిచ్చి పెండ్లి చేసిండ్రు. ఇంగ్లీషు చదవొస్తది గని నెమ్మదిగ, ఒక్కో మాట మీద వేలు పెట్టుకొని చదువుత. ఈ పనికి ఇంగ్లీషు కంటే కండ్లు కావాలె. అవి నాకు మంచిగున్నయి.

సింహాలన్నీ ఒక్క తీరే ఉంటయేమోనని మొదటిరోజు భయపడ్డ. ఉండవు. మీసాలు మొలిచే చోట వాటికి నల్ల చుక్కలు వరుసగ ఉంటయి. పై వరుసకు ఇంకా పైన ఒకటో రెండో చుక్కలు విడిగ ఉంటయి. ఆ విడి చుక్క ఎన్నో చుక్క నెత్తిమీద ఉన్నదన్నదే గుర్తు. మనకు వేలిముద్ర లెక్క, పుట్టినప్పటి నుంచి పోయేదాక మారదు. రోజూ పొద్దుగాల వాకిట్ల ముగ్గుకు చుక్కలు పెట్టేదానికి ఇది నేర్పాల్సిన పనిలేదు. వాళ్లు సింహాలకు నంబర్లు ఇచ్చిండ్రు, మేము పేర్లు పెట్టుకున్నం. గుట్ట మీద ఉండే పెద్ద గుంపుల అందరికంటే ముసలిది పెద్దవ్వ. చెవి చినిగింది కోతచెవి. ఎడమ చెంప మీద నాలుగో చుక్క నెత్తిన ఒకటి, ఏడో చుక్క నెత్తిన ఒకటి ఉన్నదానికి నేను నాలుగేడు అని పేరు పెట్టిన.

ఒక్కో సింహానికి రెండు బటన్లు ఉంటయి. ఈ గుంపుల పుట్టింది అని ఒకటి, బయటినుంచి వచ్చి కలిసింది అని ఇంకోటి. అసలైతే తొమ్మిదేండ్ల పాత ఫొటోలు తీసి, పిల్లప్పటి చుక్కలతోని పోల్చి, అప్పుడు నొక్కాలె. ఒక్కోదానికి అర్ధదినం పడ్తది. ప్రేమ్‌రాజ్ భాయ్‌కి అంత ఓపిక ఏడిది? నేర్పే రోజే మా ముందర నిలబడి, దీనికి గింత సోంచాయించుడు, ఆలోచించుడు ఎందుకన్నడు.

"ఇంట్ల ఎట్లనో గట్లనే. మగోళ్లు ఇంటోళ్లు, ఆడోళ్లు బయటికెళ్లి వచ్చినోళ్లు. మగదైతే మొదటిది కొట్టుండ్రి, ఆడదైతే రెండోది. ఖతం."

ఎనిమిదిమందిమి ఉన్నం. ఒక్కరు కూడా గట్లెందుకని అడగలే. అడగనీకి ఏమున్నది? మాకందరికీ జరిగింది అదే గద. పెద్దవ్వను అత్త అనుకున్నం, మిగిలినవి కోడండ్లు అనుకున్నం. కోతచెవి పెద్దకోడలు, అందుకే గంత అధికారం చేస్తదని నవ్వుకున్నం. పద్నాలుగు ఆడసింహాలకు పద్నాలుగుసార్లు రెండో బటన్ నొక్కిన. ఆ పద్నాలుగుల నాలుగేడు ఒకటి.

జూన్ నెలల గుట్ట మీద లొల్లి మొదలైంది. ఇన్నేండ్లు ఆ గుంపుకు పెద్దదిక్కుగ ఉన్న మగసింహం ఒకరోజు కనబడలే. మూడు రోజులకు ఎండిపోయిన వాగు దాటుకుంట, కుంటుకుంట పోయేటి వీడియో ఒకటొచ్చింది. అదే చివరిది. దాని జాగల ఇద్దరు కొత్తోళ్లు వచ్చి కూసున్నరు. వయసుల ఉన్నరు, జూలు ఇంకా పూర్తిగ నల్లబడలే. నా పక్క కంప్యూటర్‌ల కూసునే ఫర్హానా వాళ్లను చూసి, "లో, ఆగయే దుల్హేభాయ్‌లు" అన్నది. వచ్చేసిండ్రు బావలు అని. దుల్హేభాయ్ అంటే అక్క మొగుడు, మన బావ. అందరం కడుపు పట్టుకొని నవ్వినం.

ఇప్పుడు తలుచుకుంటే నవ్విన నోటి మీద కొట్టుకోబుద్ధయితది. బావలు వచ్చిన ఇల్లంటే అది అక్కాచెల్లెండ్ల ఇల్లే గద. నిజం ఫర్హానా నోట్లకెళ్లి వచ్చి మా ముందర పడ్డది. మేము నవ్వి, వాళ్లు మగోళ్లు గనుక మొదటి బటన్ నొక్కినం. ఇంటోళ్లు అని.

ఆ ఇంటోళ్లు ఏం చేసిండ్రో చెప్త. కొత్త మగోళ్లు వస్తే పాత మగోని పిల్లలను బతకనియ్యరు. పన్నెండు రోజులల్ల ఐదు పిల్లలు పోయినయి. తల్లులు వాళ్లమీదికి ఎగబడ్డయి, కోతచెవికి ముఖం మీద చీరుకుపోయింది. ఆ తర్వాత గుంపు తీరే మారిపోయింది. ఇదివరకు వేటకు ముందర నడిచే కోతచెవి వెనకబడి నడుస్తున్నది. పెద్దవ్వను తిండికాడికి రానిస్తలేరు, అందరూ తిని లేచినంక బొక్కలు నాకుతున్నది. పిల్లలు లేని పడుచువి రెండు, కొత్తోళ్ల పక్కకే పోయి పంటున్నయి. పోయినేడు ఒకదాని పిల్లలు ఒకదాని దగ్గర పాలు తాగేటియి. ఇప్పుడు ఒకదాన్ని చూస్తే ఒకటి పండ్లు చూపిస్తున్నది.

నాలుగేడుకు ఇద్దరు పిల్లలు ఉండిరి, మూడు నెలలోళ్లు. అది కొట్లాడలే. ఒకరోజు పొద్దుగాల ఆ ఇద్దరినీ తీసుకొని గుట్ట దిగిపోయింది. ఇగ అప్పటినుంచి కంచె పొంటే తిరుగుడు. ముందర అది, ఎనక పెద్దోడు, ఇంకా ఎనక చిన్నది. ఒక్కత్తే వేటాడాలె, వేటకు పోతే పిల్లలు ఒక్కరే ఉండాలె. ప్రతి వీడియో తెరవంగనే లెక్కపెట్టేదాన్ని. ఒకటి, రెండు. ఉన్నరు.

సింహంతోని నన్ను పోల్చుకుంటలేను. నేను బల్లిని చూస్తే మంచమెక్కుత. గని నాకు మూడున్నరేండ్ల బిడ్డ ఉన్నది, మున్నీ. దానికి దమ్ము వస్తది. దుమ్ము లేస్తే చాలు, ఛాతి పిల్లికూతలు పెడ్తది. పొద్దున దాన్ని అత్తమ్మ దగ్గర విడిచిపెట్టి యాకుత్‌పురాల ఆటో ఎక్కిన కాడి నుంచి నా పానం పానంల ఉండదు. గంటకోసారి ఫోన్ చేసి నోట్ల మందు పంపు కొట్టినవా, నీళ్లు తాపినవా అని అడుగుత. ఆ నెలల గంటకు రెండుసార్లు చేసిన. బిడ్డ కంటే నీకే దమ్ము ఎక్కువొస్తున్నదని అత్తమ్మ కసిరింది.

జులై మొదటి సోమవారం నాడు ప్రేమ్‌రాజ్ భాయ్ ఒక లిస్టు తెచ్చి నా టేబుల్ మీద పెట్టిండు. నంబర్లు సరిగ్గున్నయో లేదో చూడమన్నడు. అడవోళ్లు పంపిన లిస్టు. కంచె లోపల జాగ చాలుతలేదు, సింహాలు ఎక్కువైనయి, శనివారం నాడు కొన్నిటిని తీసేస్తమని రాసిండ్రు. ఎవరిని తీసేస్తరో కూడా రాసిండ్రు. గుంపుల పుట్టినదాన్ని ముట్టుకోరట, ఒంటరిగ తిరిగినా ఎప్పటికైనా తల్లి దగ్గరికి పోతదని. బయటినుంచి వచ్చి, ఏ గుంపుల లేకుంట కంచె పొంటి తిరిగేదాన్ని మాత్రం పట్టుకుంటరట. వేరే అడవోళ్లు తీసుకుంటే పంపుతరు. తీసుకోకుంటే ఏం చేస్తరో చెప్పే మాట నాకు అర్థం కాలే. వేలు పెట్టుకొని చదివి, ఫోన్‌ల కొట్టి చూసిన. నాశనం చేయుట అని వచ్చింది.

ఆ లిస్టుల నాలుగేడు నంబర్ ఉన్నది. పక్కన దాని పిల్లల నంబర్లు రెండు. వేరే అడవి అనే గడిల ఏం రాసిలేదు, ఖాళీ. దుల్హేభాయ్‌ల నంబర్లు ఏడ లేవు. వాళ్లు ఇంటోళ్లు గద.

సోమవారం, మంగళవారం నేను ఊకనే బాధపడ్డ. అడవోళ్ల పద్ధతి గట్లుంటే మనమేం చేస్తం అనుకున్న. బుధవారం నాడు ప్రేమ్‌రాజ్ భాయ్ నాకు పాత ఫొటోలు ఇచ్చిండు, మసకగ ఉన్నయి ఏరి పారేయమని. ఎనిమిదేండ్ల కిందటియి. పదకొండు గంటలకు ఒక ఫొటో తెరిచిన. పెద్దవ్వ. అప్పుడు ఇంకా బలంగ ఉన్నది. చెట్టు నీడకు పక్కమీద పండుకున్నది, ముగ్గురు పిల్లలు పాలు తాగుతున్నరు. నడుమది తాగుడు ఆపి కెమెరా దిక్కు చూసింది. మూతి నిండ పాలు.

ఎడమ చెంప. నాలుగో చుక్క నెత్తిన ఒకటి. ఏడో చుక్క నెత్తిన ఒకటి.

మున్నీ మందుల చీటీ తీసి, దాని ఎనక చుక్కలు పెట్టిన. ఈ పిల్లవి ఒక వరుస, కింద నాలుగేడువి ఒక వరుస. ముగ్గు చుక్కల లెక్క ఒకదాని కింద ఒకటి సరిగ్గ కూసున్నయి. ఫర్హానాను పిలిచి చూపించిన. ఆమె చాలాసేపు చూసి, గుంపుల ఎవరి పిల్లలైనా ఎవరి పాలైనా తాగుతయి గద, ఇది పెద్దవ్వ బిడ్డనే అని ఎట్ల చెప్తవ్ అన్నది. ఎవరి పాలు తాగినా ఆ గుంపుల పుట్టిందే గద, బయటినుంచి ఎట్లొచ్చింది అన్న నేను.

అన్నం తినలే. ఆ గంటల కోతచెవిని వెతికిన, దొరికింది, పిల్ల. ఇంకో నలుగురిని వెతికిన, నలుగురూ దొరికిండ్రు. ఆ ఇంట్ల ఒక్క కోడలు లేదు. అంతా తల్లి, బిడ్డలు, మనుమరాండ్లు, చిన్నమ్మలు. ఆడది పుట్టిన చోటనే ఉంటది, మగోడే పెరిగినంక ఇల్లు విడిచిపోతడు, వేరే ఇంటికి పోయి చేరుతడు. మేము మా బతుకు తీసుకపోయి వాటి నెత్తిన రుద్దినం. పిల్లలను చంపినోళ్లు ఇంటోళ్లయిండ్రు. పిల్లలను బతికించుకున్నది పుట్టినింట్లనే బయటిదైంది.

చీటీ తీసుకొని ప్రేమ్‌రాజ్ భాయ్ దగ్గరికి పోయిన. ఆయన పెరుగన్నం తింటున్నడు. మొత్తం చెప్పిన. తినుకుంటనే విన్నడు, చీటీ మాత్రం చూడలే. ఆ ఫొటోల బ్యాచ్ ఎప్పుడో బందైంది, ఇప్పుడు తెరవరాదు అన్నడు. తెరవమని వాళ్లకు రాయి భాయ్ అన్న. రాస్తే ఆఫీసుకు తొంభై ఎనిమిది శాతం కరెక్ట్ అని ఉన్న పేరు పోతది, పద్నాలుగుకు పద్నాలుగు తప్పని తెలిస్తే ఇగ పనే రాదు, ఎనిమిదిమంది ఇంటికాడ కూసుంటరు, వాళ్లకు నువ్వు చెప్తవా జవాబు అని అడిగిండు. అది నిజమే. గని శనివారం దాన్ని చంపుతరు భాయ్ అన్న.

అప్పుడు డబ్బా మూత పెట్టి నా దిక్కు చూసిండు.

"పదో తరగతి పాస్ కానిదానివి, సైంటిస్టులకు నేర్పుతవా? ఇంట్ల నీ మాట ఎవరన్న వింటరా, ఆఫ్రికాల వింటరు? పోయి మీ బర్ల సంగతి చూస్కో."

తిరిగొచ్చి నా కుర్చీల కూసున్న. కండ్లల్ల నీళ్లు రాలే. వస్తే మంచిగుండు. అరికాళ్ల కాడికెళ్లి ఒక మంట లేచి మెడ కాడికొచ్చి ఆగింది. ఫర్హానా మెల్లగ, "ఇత్తా గుస్సా నక్కో" అన్నది, గంత కోపం వద్దని. కూలర్ చప్పుడుల విననట్టే చేసిన.

సాయంత్రం నయాపూల్ మీద ఆటో ఆగిపోయి గంట ఆలస్యమైంది. ఇంటికి పోయేసరికి మా కొట్టం ముందర బీరయ్య మామ ఉన్నడు. నయాపూల్ కాడ ఆయనకు చాయ్ హోటల్ ఉన్నది, మా పాలే పోస్తం. మా అత్తగారిది నాలుగు తరాల నుంచి బర్ల ఇల్లు. పొద్దున్నే ఒక బర్రె ఈనింది, ఆయన చూడనీకి వచ్చిండు. మా అత్తమ్మ కళావతి దాని ఈపు మీద చెయ్యేసి, ఇది మా ఇంట్ల పుట్టిందేనని మురుసుకుంట చెప్తున్నది. దీని తల్లి గౌరి, గౌరి తల్లి మొండికొమ్ము, మొండికొమ్మును తన అత్త పెంచిందని. నేను మున్నీని ఎత్తుకొని ఛాతికి చెవి పెట్టి వింటున్న. బీరయ్య మామ నన్ను చూసి, మీ కోడలుది ఏ ఊరు అని అడిగిండు. అత్తమ్మ అంత మురిపెంల ఉండుకుంటనే అన్నది.

"ఈమెనా, బయటికెళ్లి తెచ్చుకున్నం."

ఆమె మనసుల ఏం లేదు. నాకు తెలుసు. గని ఆరేండ్లైంది నేనొచ్చి. అమ్మగారింటికి పోతే మా వదిన సంచి కింద పెట్టకముందే ఎన్నిరోజులుంటవని అడుగుతది. ఈడ బర్రె ఇంటిది, నేను బయటిదాన్ని. మెడ కాడ ఆగిన మంట నోట్లకొచ్చింది.

"నన్ను ఏ సంతల కొన్నరో గది కూడా చెప్పు అత్తమ్మా, మామ అడుగుతుండు గద."

బీరయ్య మామ చెప్పులు వేసుకొని వెళ్లిపోయిండు. అత్తమ్మ దుడ్డెను తల్లి కిందికి తోసింది. తర్వాత, మాట వరుసకన్న సోనీ, గంత కోపమెందుకన్నది. పొద్దునకెళ్లి ఏమైందని అడిగింది. నాకు చెప్పబుద్ధి కాలే గని చెప్పిన. నిలబడే చెప్పిన, సింహాలు, బటన్లు, చుక్కలు, శనివారం, ప్రేమ్‌రాజ్ భాయ్ అన్న మాట, అన్నీ. తెర మీదికెళ్లి ఫోన్‌ల తీసుకున్న ఆ పాత ఫొటో చూపించిన. ఆమె కొంగుతోని చేతులు తుడుచుకొని ఫోన్‌ను దూరం పట్టుకొని చూసింది. సింహం ముఖాలు ఆమెకేం తెలుస్తయి. గని చూసి, నవ్వింది.

"దీనికి ఆఫ్రికా దాక పోవాల్నా? మన కొట్టంల ఎట్లున్నది? ఆడది ఇంట్ల ఉంటది, దున్నపోతు బయటికెళ్లి వస్తది. తల్లి పేరుతోనే గద బర్లను లెక్కపెడ్తం. నీకు రోజూ కండ్ల ముందర ఉండె, ఎట్ల మర్చినవే?"

నేను దుడ్డె దిక్కు చూసుకుంట నిలబడ్డ. నిజమే. ఆరేండ్లు పేడ తీసిన, పాలు పిండిన, గౌరి బిడ్డ, మొండికొమ్ము మనుమరాలు అని నోటితోని అన్న. బటన్ నొక్కేకాడ కొట్టం యాదికి రాలే, ఇల్లు యాదికొచ్చింది. అంత లోపలికి పోయింది అది.

పొద్దున నా చీటీని కొంగుల కట్టుకొని పోయిన. బందైన బ్యాచ్ నేను తెరవలేను. గని మాకు కొత్తగ వచ్చే ప్రతి వీడియో కింద ఒక ఖాళీ డబ్బా ఉంటది, ఏమన్న చెప్పేదుంటే రాయమని. ఇన్ని నెలలల్ల దాంట్ల ఎవరం ఒక్క అక్షరం రాయలే. ఆ రోజు నాలుగేడువి పంతొమ్మిది వీడియోలు వచ్చినయి. పంతొమ్మిదింటి కింద నాకొచ్చిన ఇంగ్లీషుల రాసిన. ఇది బయటినుంచి రాలే, ఈడనే పుట్టింది. పాత ఫొటో నంబర్ చూడుండ్రి. నాలుగు, ఏడు చుక్కలు చూడుండ్రి. ఆడవన్నీ ఈడ పుట్టినయే. మేము తప్పు నొక్కినం. శనివారం దాన్ని పట్టుకోకుండ్రి. ఫర్హానా అక్షరాలు సరిచేసింది. సరిచేసినంక తన కంప్యూటర్‌కు పోయి, కోతచెవి వీడియోల కింద అదే రాసింది. రాసుకుంట నా దిక్కు చూసి, దుల్హేభాయ్ అని నేనే అన్న, నాకే అర్థం కాలే అన్నది. ఆమె కూడా కోపంల ఉన్నది, చూపిస్తలేదు అంతే.

గురువారం జవాబు రాలే. శుక్రవారం రాలే. శుక్రవారం వీడియోల చిన్నది కుంటుతున్నది, ముందర ఎడమకాలు. నాలుగేడు నాలుగడుగులకోసారి ఆగి ఎనకకు చూస్తున్నది. నేను ఇంటికి ఫోన్ చేసిన, మున్నీకి పంపు కొట్టిన్నని అత్తమ్మ నేను అడగకముందే చెప్పింది.

శనివారం పదిన్నరకు కాల్ వచ్చింది. ప్రేమ్‌రాజ్ భాయ్ పెద్ద కంప్యూటర్‌ల. ఎప్పుడైనా నెలకోసారి, చివరి తారీఖున వచ్చే కాల్ అది. తెరమీద ఒకామె, ఎండకు కందిన ముఖం, ఖాకీ చొక్కా. ఎనక జీపు ఉన్నది, జీపుల తలుపు తెరిచిన ఖాళీ బోను ఉన్నది. ఆమె అడిగింది నాకు సగం అర్థమైంది. ఈ రాతలు ఎవరియి, పద్నాలుగింటికి ఒకే తప్పు ఎట్ల జరుగుతదని అడుగుతున్నది. ప్రేమ్‌రాజ్ భాయ్ నవ్వు ముఖం పెట్టి, సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం మేడం, అవి తప్పో కాదో మేము చెక్ చేయాలె, రెండు వారాలు పడ్తది అన్నడు. ఆమె తల ఊపింది. అట్లైతే రెండు వారాల దాక పాత లిస్టే నడుస్తదని, ఇవ్వాళ్టి పని ఆపలేనని అన్నది.

నేను లేచిన. కుర్చీ ఎనకకు పడ్డది. కూసో అన్నట్టు ప్రేమ్‌రాజ్ భాయ్ కింద చెయ్యి ఊపిండు. ఆయన పక్కకెళ్లి తోసుకొని పోయి కెమెరా ముందర నిలబడ్డ. ఇంగ్లీషు మాటలు నాలుగైదు కూడా కూడగట్టుకోలే, ఎట్లొస్తే గట్ల చెప్పిన.

"నో సాఫ్ట్‌వేర్ మేడం. మై హ్యాండ్. మై హౌస్, లేడీస్ కమ్ ఫ్రమ్ అవుట్‌సైడ్. ఆల్ హౌస్, లేడీస్ అవుట్‌సైడ్. సో వి థాట్, లయన్ ఆల్సో."

కింద దుకాణంల ఎవరో గిన్నె జారవిడిచిండ్రు. తెరమీది ఆమె నవ్వుతదనుకున్న. నవ్వలే. నన్నే చూసుకుంట ఉన్నది. నేను కొంగు ముడి విప్పి చీటీ తీసి కెమెరాకు పెట్టిన. ఇంకా దగ్గరికి పెట్టమన్నది. పెట్టిన. ఫర్హానా వచ్చి నా పక్కన నిలబడి ఆ పాత ఫొటో నంబర్ ఒక్కొక్క అంకె చదివి చెప్పింది. ఆమె పక్కకు తిరిగి ఏదో తెరిచి చూసింది. చాలాసేపు చూసింది. చూసి, భుజం మీది వాకీటాకీ తీసుకొని రెండు ముక్కలు మాట్లాడింది. ఎనక జీపు కాడ నిలబడ్డ మనిషి ఖాళీ బోను తలుపు మూసిండు. ఆ చప్పుడు మాదాక వినొచ్చింది.

ఆమె నా పేరడిగింది. స్వర్ణలత అని చెప్పిన, ఆఫీసుల అందరికీ నేను సోనీనే, నా అసలు పేరు ఎవరికీ తెల్వదు. ఆ గుంపంతటిదీ మళ్లీ మొదటికెళ్లి ఈమెనే చూడాలె, పాత ఫొటోలతోని పోల్చి నొక్కాలె అని ప్రేమ్‌రాజ్ భాయ్‌కి చెప్పి కాల్ పెట్టేసింది.

ఆయనకు నన్ను తీసేయబుద్ధి పుట్టిన సంగతి ముఖం మీదనే ఉన్నది. తీసేయరాదు. చేత్తోని టేబుల్ మీద కొట్టి, ఆఫీసు ఇజ్జత్ తీసినవ్, ఇంటి సంగతులు ఫారిన్ల చెప్పినవ్ అన్నడు. నేను తప్పేం చెప్పిన భాయ్ అని అడిగిన. నువ్వు చెప్పిందే చెప్పిన, ఇంట్ల ఎట్లనో గట్లనే అని. ఆయన బయటికి పోయి, కిందికెళ్లి చాయ్ తెప్పించుకొని, ఒక్కడే తాగిండు.

సాయంత్రం దాక నొక్కిన. పెద్దవ్వ, ఈడనే పుట్టింది. కోతచెవి, ఈడనే పుట్టింది. ఒక్కోదాని చిన్నప్పటి ముఖం వెతికి, చుక్కలు పెట్టి చూసుకొని, అప్పుడు నొక్కిన. దుల్హేభాయ్‌లు ఇద్దరూ బయటినుంచి వచ్చినోళ్లు. ఆ రెండు నొక్కేటప్పుడు మౌస్ ఎంత గట్టిగ కొట్టిన్నంటే ఫర్హానా, విరగ్గొడ్తవేందే అన్నది. నాలుగేడుది చివరికి పెట్టుకున్న.

దానిదీ నొక్కిన. ఈడనే పుట్టింది.

ఇగ కోపం తగ్గాలె గద. అప్పుడే దాని కొత్త వీడియో వచ్చింది, ఆ దినందే. కంచె పొంటి నడుస్తున్నది. ఎనక పెద్దోడు, ఇంకా ఎనక కుంటుకుంట చిన్నది. లెక్కపెట్టిన, ఒకటి, రెండు. దూరంగ గుట్ట కనబడుతున్నది. అది ఒకసారి ఆగి గుట్ట దిక్కు తలెత్తి చూసింది. తల్లి ఆడనే ఉన్నది, అక్కాచెల్లెండ్లు ఆడనే ఉన్నరు, ఆ ఇద్దరూ ఆడనే ఉన్నరు. పిల్లలు పెరిగేదాక అది అటు అడుగుపెట్టే తీరు లేదు. తిరిగి కంచె పొంటే నడిచింది. మా లెక్కల అది ఇంటిదైంది, ఇంటికి మాత్రం పోలేకపోతున్నది.

వీడియో కింద ఎప్పటి లెక్కనే రెండు బటన్లు వచ్చినయి. గుంపుతోని ఉన్నది. ఒంటరిగ ఉన్నది.

ప్రేమ్‌రాజ్ భాయ్ వచ్చి నా ఎనక నిలబడి, ఇప్పుడు ఖుషా అని అడిగిండు. ఆయన దిక్కు తిరగలే. రెండో బటన్ నొక్కిన. ఈసారి ఎవరూ చెప్తే నొక్కలే. అది నిజం గనుక నొక్కిన.